నలభై మూడో డివిజను

నోటీసు జిగురు ఇంకా ఆరలేదు పంచాయతీ గోడ మీద,
అప్పుడే మేక ఒకటి కింది మూల కొరికేసింది.
నేను తోలలేదు.

పంతొమ్మిదేళ్లుగా ఈ ఊరికి బిల్లు కలెక్టర్ని.
పన్ను బాకీ అడగడానికి వెళితే
గ్లాసుడు మజ్జిగిచ్చి అరుగు మీద కూర్చోబెడతారు.
ఏ ఇల్లు ఎవరిదో నంబరు చూసి చెప్పలేను,
చూరు చూసి చెబుతాను.

ఇప్పుడు పట్నం మమ్మల్ని కలుపుకుంటుందట.
ఆ మాట వినగానే
నాట్ల నుంచి వస్తున్న ఆడవాళ్లు కిసుక్కుమన్నారు:
"కలుపంటే మాకు తెలీదేటండీ,
పీకి గట్టు మీద పడేసేదేగా."

గ్రామసభ బడి వరండాలో.
కార్పొరేషన్ మనిషి గోడకి మ్యాపు తగిలించాడు.
అందులో మా ఊరు లేత పసుపు,
కామెర్లు సోకిన కంటిలా.
మురుక్కోడు సన్నటి నీలిగీత.
నిరుడు పట్నం మురుగంతా దిగొచ్చి
కొర్రమీన్లు తెల్లగా పొట్టలు చూపించి తేలిన సంగతి
ఆ గీతకి తెలీదు.

వాసంశెట్టి త్రిమూర్తులు లేచాడు,
తువ్వాలు ఈ భుజం మీంచి ఆ భుజం మీదకి మార్చుకుని:
"సార్వాకి నీళ్లు తూములోంచి వస్తాయండి.
బోదె పూడిపోతే, గుర్రపుడెక్క అడ్డుపడితే
ప్రెసిడెంటు గారి గుమ్మం తొక్కేవోణ్ని.
ఇకమీదట ఏ కిటికీ కాడ నిలబడాలండి?"
కిటికీ నంబరు ఎవరూ చెప్పలేదు.

గెడ్డం ధనకుమారి ఉపాధి కార్డు తెచ్చింది
పంచదార కవర్లో చుట్టి.
"ఊరు పట్నమైతే ఇది చెల్లదంట గదా.
మరి నా నడుం నొప్పి కూడా
పట్నం లెక్కలోకెళ్లిపోద్దా?"
జనం నవ్వారు. ఆమె నవ్వలేదు.
పంటబోదె పూడిక తీసిన పదకొండు రోజుల కూలి
ఇంకా పడలేదామెకి.

అప్పటిదాకా స్తంభానికి ఆనుకుని నిలబడ్డ
నేలపూడి ఆశీర్వాదం గారు
ముందుకి రాకుండానే అన్నాడు:
"కలిస్తే మంచిదే.
మా పేటకి కుళాయి వెయ్యడానికి
మీ పంచాయతీకి ముప్పై ఏళ్లు చాల్లేదు.
ఊరు పోతోంది, ఊరు పోతోందంటున్నారు.
మా పేట ఎప్పుడుందండీ ఊళ్లో?"

వరండాలో ఫ్యాను చప్పుడు ఒక్కటే.

నా పద్దు పుస్తకంలో ఆ పేట చివరి పేజీ.
వసూలు మాత్రం ఏటా అక్కణ్నించే మొదలుపెట్టేవాణ్ని,
అక్కడెవరూ వాయిదా అడగరని.
మజ్జిగ కూడా ఇచ్చేవారు.
ఎండగా ఉన్నా, వద్దనేవాణ్ని.

సభ అయ్యాక కార్యదర్శి మినిట్స్ పుస్తకం నా ముందుకి తోశాడు.
తీర్మానం ముందే టైపు చేయించి అతికించి ఉంది:
"గ్రామస్తులు ఏకగ్రీవంగా ఆమోదించడమైనది."
ఏకగ్రీవమంటే ఒకటే గొంతు.
నేను విన్నవి ఎన్నో లెక్కపెట్టుకున్నాను,
నవ్వని ధనకుమారితో సహా.
కలంలో సిరా లేదన్నాను.
బాల్ పెన్నుకి సిరా ఏంటయ్యా, అన్నాడాయన.

మర్నాడు పొద్దున్నే ఆఫీసు తలుపు తీసేసరికి
త్రిమూర్తులు, కాగితం చేతిలో.
"అభ్యంతరాలకి ఆఖరి రోజు ఎప్పుడండీ?"
ఇద్దరం గోడ దగ్గరికెళ్లి చూశాం.
తేదీ ఉన్న చోట
మేక పళ్ల గాట్లు, కొంచెం తడి.

"గడువుందండీ ఇంకా" అన్నాను.

అప్పట్నుంచీ పుచ్చుకుంటూనే ఉన్నాను,
రసీదు రాసి, పంచాయతీ ముద్ర కొట్టి,
ఆ ముద్ర ఇంకెన్నాళ్లు చెల్లుతుందో తెలీకుండానే.
నూట ఆరు కాగితాలయ్యాయి నిన్నటికి.
నూట ఏడోది ఆశీర్వాదం గారిది.
అభ్యంతరం కాదు, అంగీకారం:
పైన తేదీ, కింద సంతకం, మధ్యలో ఒకే వాక్యం,
"ముందు కుళాయి, తర్వాత నంబరు."

ఏ కట్టలో పెట్టాలో తెలీక
బల్ల మీదే ఉంచాను,
గాలికి ఎగరకుండా పేపర్‌వెయిట్ బదులు
ఆయనకని తెప్పించిన మజ్జిగ గ్లాసు పెట్టి.
ఆయన తాగకుండానే వెళ్లాడు.